సావిత్రమ్మ పేరులో కనపడని అక్షరం

శ్యామల ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే వాళ్లమ్మ శాంతవ్వ ఒక్కటే మాట చెప్పేది: "నా బిడ్డ ఫోన్లు బాగుజేస్తది." ఇంకేముంది! శ్యామల ఊరొచ్చిందంటే చాలు, గ్లాసు పగిలిన ఫోన్లు, చార్జింగ్ ఎక్కని ఫోన్లు, నీళ్ల తొట్టిలో పడి లేచిన ఫోన్లు గుమ్మం ముందు వరస కట్టేవి. "అవ్వా, నేను గా పని చేయనే. ఫోన్ల నడిచే ముచ్చట్ల యాప్‌ల దొంగలు దూరకుండ జూస్త, గంతే" అని ఎంత మొత్తుకున్నా ఎవరికీ ఎక్కేది కాదు. "గంత చదువు చదివి గీ గ్లాసు వెయ్యరాదా?" అని అమ్మలక్కలు మూతి తిప్పుకుని పోయేవాళ్లు.

ఆ పని అర్థమైనవాడు ఆమె భర్త బాలస్వామి ఒక్కడే. వికారాబాద్ స్టేషన్ రోడ్డులో టైలరింగ్ షాపు అతనిది. చినిగిన బట్టకు అతుకు కనపడకుండా రఫూ చేయడంలో అతని చేయి మంచిదని పేరు. "నువ్వూ రఫూనే, నేనూ రఫూనే. నేను పోగులతోని చేస్త, నువ్వు అక్షరాలతోని చేస్తవు" అనేవాడు. శ్యామలకు ఆ మాట మస్తు నచ్చింది. పొద్దున్నే వికారాబాద్‌లో రైలెక్కి తాండూరులో దిగి, ఆఫీసు మెట్లెక్కుతూ, ఈరోజు ఏ చిరుగు పడిందో అనుకుంటూ కంప్యూటర్ తెరిచేది.

ఆమె పుట్టింది బంట్వారం దగ్గర ఒక పల్లెలో. ఊరి పేరు ఎందుకు లెండి, ఉన్న సిగ్గు చాలు ఆ ఊరికి. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి కంది చేలల్లో కూలికి పోయి చదివించింది. అయినా సర్కారు బడిలో తెలుగు చెప్పిన సావిత్రమ్మ టీచరు పట్టుబట్టకపోతే ఆ చదువు ఏడో తరగతిలోనే ఆగిపోయేది. సావిత్రమ్మది తాండూరులో కిరాణా వ్యాపారం చేసుకునే కుటుంబం. ఇంట్లో వద్దంటున్నా వినకుండా ఉద్యోగం పట్టుకుంది. రోజూ బస్సెక్కి వచ్చి ఆ ఊరి రెండు తరాల చేత అక్షరాలు దిద్దించింది. రిటైరైపోయి ఏళ్లు గడిచినా ఊళ్లో పెళ్లికార్డు అచ్చు వేయించాలంటే ముందు ఆమెకు చూపించాల్సిందే.

అక్షరం తప్పు రాస్తే ఊరుకునే మనిషి కాదు. పాఠ్యపుస్తకంలో అచ్చుతప్పు కనపడితే ఆ పుస్తకం రాసినవాళ్లను కూడా నిలబెట్టి కడిగేసేది. ఇక శ్యామల తప్పు ఎప్పుడూ ఒక్కటే: మనిషి అని రాయమంటే "మనిశి" అని రాసేది. ఊళ్లో అందరి నోటా "మనిసి" అనే వినపడుతుంటే ఆ పిల్లకు ఏ స రాయాలో ఎట్లా తెలుస్తుంది పాపం! "మనిషిని మనిషి లెక్క రాయవేందే!" అని సావిత్రమ్మ స్కేలుతో అరచేతిలో ఒకటి అంటించేది. శ్యామల ఏడ్చుకుంటూ దిద్దుకునేది, మరునాడు మళ్లీ అదే రాసేది.

శ్యామల ఉద్యోగం చేసే యాప్ పేరు "మందలింపు". మందలించడమంటే కోస్తా వాళ్లకు కోప్పడటమట. మన దగ్గర మందలించడమంటే ఎదురుపడిన మనిషిని ఆపి బాగోగులు అడగడం. కందుల వ్యాపారి సూర్యప్రకాశ్ కొడుకు రూపేష్ హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివి వచ్చి, తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ల పక్కన రెండు గదులు తీసుకుని దాన్ని మొదలుపెట్టాడు. పేర్లు తెలుగులో, మాటలు తెలుగులో. మార్కెట్ యార్డు వాళ్లు, పాలిషింగ్ కూలీలు, పొదుపు సంఘాల ఆడవాళ్లు, చర్చిలో పాటలు పాడేవాళ్లు, అందరూ చేరిపోయారు. ప్రతి ఊరి గ్రూపులో నమ్మదగిన ఒకరిద్దరి పేరు పక్కన పచ్చ చుక్క ఉంటుంది. శ్యామల ఊరి గ్రూపులో ఆ పచ్చ చుక్క సావిత్రమ్మది. చుక్క కనపడితే ఇక ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు.

ఆ చుక్కలోనే చిల్లు ఉందని ఆ ఏడాది వానాకాలం అయిపోతుండగా శ్యామల కనిపెట్టింది.

తెలుగు టైపింగులో కంటికి కనపడని అక్షరం ఒకటుంది. ప్రేమ్‌సాగర్ అని రాయాలంటే మ్‌కూ సాకూ నడుమ దాన్ని దూర్చాలి. దూర్చకపోతే ఒకదాని కింద ఒకటి ఇరుక్కుని ప్రేమ్సాగర్ అయి కూర్చుంటుంది. కొందరు దాన్ని పెడతారు, కొందరు పెట్టరు. ఎవరు ఎట్లా వెతికినా మనిషి దొరకాలని, ఆ అక్షరాన్ని లెక్కలోకి తీసుకోకుండా పేర్లు పోల్చేటట్టు మొదట్లో ఎవరో రాసి వెళ్లిపోయారు. మంచికే రాశారు. కానీ ఒక దొంగవెధవ సావిత్రమ్మ అనే పేరు చివర ఆ కనపడని అక్షరం తగిలించి కొత్తగా చేరాడనుకోండి. చేర్చుకునేటప్పుడు యాప్‌కు అది వేరే పేరు. చేరాక చూసేవాళ్లకు అది సావిత్రమ్మే, యాప్‌కూ అది సావిత్రమ్మే. ఊరి గ్రూపులోకి దర్జాగా వస్తాడు, పచ్చ చుక్క కూడా వచ్చి పేరు పక్కన కూర్చుంటుంది.

శ్యామల ఆఫీసులో పరీక్షలకు వాడే ఫోనులో రూపేష్ పేరుతో అట్లాగే చేరి, "ఇయ్యాల అందరికీ సగం దినం సెలవు" అని ఆఫీసు గ్రూపులో పెట్టింది. అందరూ బ్యాగులు సర్దుకుంటుంటే రూపేష్ గదిలోంచి బయటకొచ్చి బిక్కమొహం వేశాడు. ముందు నవ్వాడు. సంగతి తెలిసేసరికి నవ్వు పోయింది.

"సార్, ఇది మస్తు ఖతర్నాక్ చిల్లు. రేపే మూసేద్దాం" అంది శ్యామల.

"ఆగు శ్యామలక్కా. గిప్పుడు మూస్తే గా అక్షరం ఉన్న పేర్లన్నీ ఆగిపోతయి, మార్కెట్ల సగం మందివి. నా పేరు గుడ ఆగుతది. కందుల సీజన్ల గిట్లయితే మా నాయిన నన్ను బతకనిస్తడా? సీజన్ అయిపోనీ."

శ్యామల అడగని రోజు లేదు. రఫూ రాసి సిద్ధం చేసి పెట్టుకుంది, ఒక్క మీట నొక్కితే అందరి ఫోన్లకూ వెళ్లిపోతుంది. "సార్, ఎవడన్న దూరితే?" అంటే, "ఎవనికి తెలుస్తదక్కా? కనపడని అక్షరమేనాయె" అని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకు ఒళ్లు మండేది.

చలి మొదలైన రోజుల్లో, ఒక మంగళవారం మధ్యాహ్నం, శాంతవ్వ ఫోన్ చేసింది. ఆమె వెనక జాతర లాగా అరుపులు.

"బిడ్డా! జంగప్పను కరెంటు పోలుకు కట్టేసిండ్రే! సంపుతున్నరే!"

"ఏ జంగప్పనే అవ్వా?"

"గొంగళ్ల జంగప్పనే! పిల్లల్ని మూటల గట్టుకొని పోతడంట. సావిత్రమ్మ టీచరు ఫోన్ల రాసిందంట. కాదురా, గాయన మంచోడురా అని నేను అడ్డం పోతే నన్ను నూకేసిండ్రు. నువ్వు ఫోన్లు బాగుజేస్తవు గదనే! గీ ఫోన్ను బాగుజెయ్యే, నీ కాల్మొక్త!"

జంగప్ప కర్ణాటకలో చించోళి వైపు నుంచి ఏటా చలికి ముందు గొంగళ్లు మోసుకుని వచ్చేవాడు. వాళ్ల అరుగు మీద మూట దించి, చెంబెడు నీళ్లు తాగి, సగం కన్నడం సగం తెలుగులో శాంతవ్వను మందలించి పోయేవాడు. శ్యామల చిన్నతనమంతా ఆయన అమ్మిన గొంగడి కప్పుకునే పడుకుంది. ఆయన్ను ఎరిగిన పాతవాళ్లంతా ఆ వేళకు చేల మీద ఉన్నారు. ఊళ్లో ఉన్నది ఫోన్లు పట్టుకున్నవాళ్లు.

గ్రూపు తెరిచింది. పొద్దున్నే వచ్చింది ఆ మాట, పచ్చ చుక్కతో సహా. "పిల్లలను ఎత్తుకపోయే ముఠా మన దిక్కు తిరుగుతుంది. పెద్ద మూట మోస్తాడు, కన్నడం మాట్లాడతాడు. దొరికితే ఒదలొద్దు. సావిత్రమ్మ." పేరును యాప్ లోపలి భాషలో విప్పి చూసింది. చివర కనపడని అక్షరం ఉంది. ఆమె నెలల తరబడి నెత్తీనోరూ కొట్టుకున్న చిల్లు! దూరినవాడు దోమ అనే ఊరి వైపు మొబైల్ షాపు నడుపుకునే ఒక పెద్దమనిషి అని తర్వాత తేలింది. నవ్వులాటకు చేశాడట. నవ్వులాటకు! వాడి నవ్వు మండ.

తల్లి ఫోను పెట్టేయకుండానే, ఆఫీసు ఫోన్లోంచి పోలీసులకు ఫోన్ చేసింది. జీపు దూరంలో ఉంది, బయల్దేరుతుంది అన్నారు. సావిత్రమ్మకు చేసింది. పరిధిలో లేరు అని వచ్చింది. మళ్లీ చేసింది. అదే గొంతు, అదే మాట. ఇంటికి చేస్తే, ఆవిడ ఆ పూట రైల్లో వికారాబాద్ పోతోందన్నారు. నడుమ అడవిలో, గుట్టల్లో ఫోన్లు మూగబోతాయని రోజూ ఆ దారిలో తిరిగే శ్యామలకు తెలియంది కాదు. ఆ దొంగ మాటను కంపెనీ కంప్యూటర్లోంచి చెరిపేసింది. ఏం లాభం? అప్పటికే చేరిన ఫోన్లలో అది అట్లాగే ఉంది. "ఈ వార్త అబద్ధం, ఎవరినీ కొట్టకండి" అని కంపెనీ పేరు మీద గ్రూపులో పెట్టింది. శాంతవ్వ ఫోన్లోంచి ఎవడో దాన్ని పైకి చదవడం వినపడింది.

"కంపెనీయోనికి ఏం ఎర్కరా? టీచరమ్మ అబద్ధం జెప్తదా? కొట్టుర్రి!"

మళ్లీ దెబ్బల చప్పుడు. మధ్యలో జంగప్ప గొంతు. "నానేను మాడిదెనప్పా? నానేను మాడిదె?" నేనేం చేశాను, నేనేం చేశాను అని అడుగుతున్నాడు ఆ ముసలాయన. ఆ అడగడం కన్నడంలో ఉంది కాబట్టి ఇంకో రెండు దెబ్బలు ఎక్కువ పడుతున్నాయి. "అయ్యో దేవా, యేసయ్యా" అని శాంతవ్వ ఏడుస్తోంది.

రూపేష్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. "అక్కా, చిల్లు మూసెయ్! గిప్పుడే మూసెయ్! పోలీసులు వచ్చేసరికి మూసి ఉండాలె."

"ఆగు సార్."

"ఆగుడేంది? మూస్త మూస్త అని ఇన్నిదినాలు నా పానం తీస్తివి గదా!"

"మూస్త. ముందుగాల నేను దూరొస్త."

రూపేష్‌కు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక, "అక్కా, గది నేరం. జైలుకు పోతవ్" అని గొణిగాడు. శ్యామలకు అది తెలియదా? దొంగలు దూరకుండా చూడటమే ఆమె ఉద్యోగం. దొంగ పేరు పెట్టుకోవడం ఎంత తప్పో అందరికంటే ఆమెకే ఎక్కువ తెలుసు. పరీక్షల ఫోను తీసుకుంది. సావిత్రమ్మ అని కొట్టింది. చివర కనపడని అక్షరం తగిలించింది. పచ్చ చుక్క వచ్చి కూర్చుంది.

ఇప్పుడు టీచరులా రాయాలి. అరచేతి మీద స్కేలు పట్టుకుని నిలబడిన టీచరును తలుచుకుని, ఆమె గొంతును చెవిలో పెట్టుకుని, గబగబా రాసింది.

"నాయనలారా, నేను సావిత్రమ్మను. పొద్దున నా పేరుతో వచ్చినది నేను రాయలేదు. గొంగళ్ల జంగప్ప నాకు తెలిసిన మనిశి. అతని మీద చేయి వేస్తే నా మీద వేసినట్టే. కట్లు విప్పి నీళ్లు తాగించండి. నేను వస్తున్నాను."

పంపింది. తల్లి ఫోను చెవికి ఆనించుకుని కళ్లు మూసుకుంది. ఏమీ మారలేదు. దెబ్బల చప్పుడు అట్లాగే ఉంది. ఎవరూ చూడటం లేదు, చేతులు ఖాళీగా ఉంటే కదా ఫోన్ చూసేది! "అవ్వా, ఫోన్ జూడుమను! టీచరు రాసింది, చదువుమను! గట్టిగ అరువ్!" అని ఆఫీసు దద్దరిల్లేటట్టు అరిచింది. అవతల శాంతవ్వ అరిచింది. గొంతు చీలిపోయేదాకా అరిచింది. చివరికి ఎవడో విసుక్కుంటూ ఫోన్ తీశాడు. తడబడుతూ చదివాడు. "నా మీద వేసినట్టే" దగ్గర వాడి గొంతు ఆగింది.

"టీచరమ్మ వస్తున్నదంటరా" అన్నాడు ఇంకొకడు, మెల్లగా.

దెబ్బల చప్పుడు ఆగింది.

"విప్పుతున్నరు బిడ్డా" అంది శాంతవ్వ.

అప్పుడు శ్యామల మీట నొక్కింది. రఫూ అందరి ఫోన్లకూ వెళ్లిపోయింది, చిల్లు మూసుకుపోయింది. కుర్చీలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. రూపేష్ పక్కన నిలబడి మంచినీళ్ల సీసా పట్టుకున్నాడు గానీ ఇవ్వడానికి కూడా మొహం చెల్లలేదు.

ఈలోపల రైలు గుట్టలు దాటింది. సావిత్రమ్మ సంచిలో ఫోను టింగుమంది. చూస్తే తన పేరుతో రెండు మాటలు. ఒకటి చంపమంటోంది, ఒకటి వదలమంటోంది. వచ్చే స్టేషన్లో దిగేసింది. ఆటో మాట్లాడుకుని, దుమ్ము కొట్టుకుంటూ ఆ ఊరికి వచ్చింది. పోలీసు జీపు కంటే ఆమే ముందు చేరింది. జంగప్ప తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, ఆమె దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాళ్లు ఒక్కొక్కరే తలలు దించుకుని జారుకున్నారు. "యాడికి పోతున్నర్రా? రండి, మూట విప్పి సూడండి!" అని ఆమె అరుస్తుంటే ఒక్కడూ వెనక్కి తిరగలేదు. మూటలో గొంగళ్లున్నాయి.

జంగప్పను తాండూరు ఆసుపత్రిలో చేర్చారు. కుడిచేయి విరిగింది. ఎడమ కంటి చూపు ఇక రాదన్నారు. శ్యామల రోజూ ఆఫీసు నుంచి నేరుగా అక్కడికి పోయేది. ఆయన ఆమెను గుర్తుపట్టేవాడు, శాంతవ్వ బాగుందా అని అడిగేవాడు. వెంటనే మళ్లీ అదే మాట. "నానేను మాడిదె తాయీ?" ఆ ప్రశ్నకు ఏం చెప్పాలి? పేరు చివర అక్షరం సంగతి చెప్పాలా? కందుల సీజన్ సంగతి చెప్పాలా?

అంతకంటే ఘోరం ఇంకొకటి జరిగింది. ఒక సాయంత్రం రైల్లో, పక్కన కూర్చున్నాయన ఫోనులో పోలుకు కట్టేసిన జంగప్ప ఫోటో కనపడింది. "పిల్లల దొంగ పట్టుబడ్డాడు, అందరికీ పంపండి" అని కింద రాసి ఉంది. అది మందలింపు కాదు, వేరే యాప్.

"అన్నా, గది అబద్ధం. గాయన నాకు ఎరుకే."

"ఫోటో ఉన్నది గదమ్మా. ఫోటో అబద్ధం జెప్తదా?" అన్నాడాయన, ఇంకొకరికి పంపిస్తూ.

ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు. ఒక్క చిల్లు మూసినందుకు సంబరపడిందా తను? ఆ ఒంటికంటి ముసలాయన ఇక మూట మోసుకుని ఏ ఊళ్లోకి పోగలడు? బాలస్వామి పక్కన కూర్చుని వీపు నిమిరాడు.

ఆ మరుసటి వారం ఎస్సై అరుణాదేవి శ్యామలను స్టేషన్‌కు పిలిచింది. సావిత్రమ్మను కూడా రమ్మంది. దోమ మొబైల్ షాపు వాణ్ణి అప్పటికే లోపల వేశారు.

"రెండు మెసేజులలోనూ పేరు చివర కనపడని అక్షరం ఉన్నది. రెండూ దొంగ పేర్లే" అంది అరుణాదేవి. "మొదటోడు దొరికిండు. రెండోది మీ ఆఫీసు ఫోన్ నుంచే పోయింది. మంచికే కావచ్చు. కానీ అడగకుండ ఇంకొకరి పేరు పెట్టుకుంటే కేసు కేసే. ఒకల మీద రాసి ఇంకొకలను వదిలితే రేపు కోర్టుల వాని వకీలు నన్ను నిలబెడతడు. ఎవరు రాసిండ్రు?"

శ్యామలకు జైలు, పోయే ఉద్యోగం, తల్లి, బాలస్వామి, అంతా ఒక్కసారి కళ్ల ముందు తిరిగింది. నేనే అందామని పెదవి విప్పింది.

"రెండోది నాది" అంది సావిత్రమ్మ.

అరుణాదేవి తలెత్తి చూసింది.

"మొదటిది నాది కాదు. రెండోది నేనే చెప్పిన. రైల్లోంచి ఫోన్‌ల నేను చెప్తుంటే ఈ పిల్ల రాసింది. డిక్టేషన్. నా పేరు నేనే పెట్టుమన్న."

"ఆ దారిల సిగ్నల్ ఉండదు గద మేడం?"

"నడుమ నడుమ వస్తదమ్మా."

అరుణాదేవి ఎదురుగా ఉన్న కాగితాన్ని సావిత్రమ్మ వైపు తిప్పి ఒక మాట మీద వేలు పెట్టింది. "ఇక్కడ మనిశి అని ఉన్నది. మీ దగ్గర చదివినోళ్లు మా స్టేషన్లనే ఉన్నరు. కామా తప్పు పోతే తోలు తీసేటోళ్లంట గదా మీరు. మీరు చెప్తే గిట్ల రాస్తరా?"

శ్యామల ఆ మాట వైపు చూసింది. తను రాసిందే. ఇన్నేళ్లయినా పోని తప్పు. అరచెయ్యి చురుక్కుమన్నట్టయి పిడికిలి బిగించుకుంది. సావిత్రమ్మ కూడా ఆ మాటనే చూసింది. కళ్లజోడు తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది.

"పిల్లది తప్పు లేదు. నేనే తప్పు చెప్పిన" అంది. "రాసుకోండమ్మా. సావిత్రమ్మ టీచరుకు మనిషి అని రాయరాదు."

అరుణాదేవి రాసుకుంది. సావిత్రమ్మ దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివి, కింద సంతకం పెట్టి, శ్యామల చెయ్యి పట్టుకుని జంగప్ప దగ్గరికి పోదాం పద అంది.